అంత పెద్ద ఆకాశంలో మనల్ని పలకరించేవాళ్ళు ఒక్కరూ ఎందుకు దొరకలేదు?

గోదారిగట్టు · డిసెంబర్ 12, రాత్రి 10:20

నిన్న సాయంత్రం మా వీధి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి సగం ఊరు చీకట్లో పడింది. ఇంట్లో దోమలకు తట్టుకోలేక అందరం డాబా ఎక్కాం. మా అమ్మాయి ఏడో తరగతి. చాప మీద వెల్లకిలా పడుకుని చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "నాన్నా, ఇన్ని చుక్కలున్నాయి కదా, ఒక్కచోటైనా మనలాంటివాళ్ళు ఉండరా? ఉంటే ఒక్కసారైనా పలకరించరా?" అంది.

నేను సహకార సంఘంలో లెక్కలు రాసుకునే మనిషిని. "ఉండే ఉంటార్లే అమ్మా, దూరం కదా" అన్నాను. "ఎంత దూరం?" అంది. అక్కడ ఆగిపోయాను. ఫోన్‌లో వెతికితే ఒకడు వాళ్ళు మన మధ్యే తిరుగుతున్నారంటాడు, ఇంకొకడు అసలు లేరంటాడు.

ఇక్కడ సైన్స్ తెలిసినవాళ్ళు చాలామంది ఉన్నారు. ఇప్పటిదాకా ఎవరూ ఎందుకు దొరకలేదో నాకు అర్థమయ్యేలా చెప్పండి. పిల్లకు తప్పించుకునే జవాబు ఇవ్వడం ఇష్టం లేదు.

మొదటిబెంచి · డిసెంబర్ 12, రాత్రి 11:05

అన్నా, మీ పాప అడిగిన మాటే 1950 వేసవిలో అమెరికాలోని లాస్ అలమోస్‌లో భౌతికశాస్త్రవేత్త ఎన్రికో ఫెర్మీ అడిగాడు. ఎడ్వర్డ్ టెల్లర్, హెర్బర్ట్ యార్క్, ఎమిల్ కొనోపిన్‌స్కీలతో కలిసి భోజనానికి నడుస్తుంటే ఎగిరే పళ్ళేల మీద వచ్చిన ఒక కార్టూన్ గురించి మాటలు సాగాయి. తర్వాత మాట వేరే విషయాల మీదికి పోయింది. అందరూ తింటుండగా ఫెర్మీ ఉన్నట్టుండి "మరి వాళ్ళంతా ఎక్కడ?" అన్నాడట. ఎవరి గురించి అడుగుతున్నాడో బల్ల చుట్టూ ఉన్నవాళ్ళకు వెంటనే తెలిసిపోయింది.

దాని వెనక లెక్క ఇది. మన పాలపుంత ఆ చివర నుంచి ఈ చివరకు దాదాపు లక్ష కాంతి సంవత్సరాలు (కాంతి ఒక ఏడాదిలో పోయే దూరమే ఒక కాంతి సంవత్సరం). అందులో నక్షత్రాలు తక్కువలో తక్కువ పదివేల కోట్లు. నాసా పంపిన వాయేజర్-1 నౌక సెకనుకు 17 కిలోమీటర్ల వేగంతో పోతోంది. ఆ వేగంతో ఒక్క కాంతి సంవత్సరం దాటడానికే 17,600 ఏళ్ళు పడుతుంది. సూర్యుడి తర్వాత మనకు అతి దగ్గర చుక్క ప్రాక్సిమా సెంటారీ, 4.24 కాంతి సంవత్సరాల దూరం. అంటే 75 వేల ఏళ్ళ ప్రయాణం. మీ పాప అడిగిన "ఎంత దూరం"కి జవాబు అదే.

కానీ అదే నడకతో పాలపుంత మొత్తం దాటడానికి పట్టేది సుమారు 176 కోట్ల ఏళ్ళు. పాలపుంత వయసు వెయ్యి కోట్ల ఏళ్ళ పైమాటే. మన భూమి పుట్టకముందే ఎవరో ఒకరు బయల్దేరి, ఒక్కో చుక్క దగ్గర ఆగుతూ, అక్కణ్ణుంచి మళ్ళీ కదులుతూ వచ్చినా ఈపాటికి అంతటా ఉండాలి. 1975లో మైకేల్ హార్ట్ అనే ఖగోళశాస్త్రవేత్త ఈ వాదాన్నే గట్టిగా రాశాడు. వాళ్ళు ఇక్కడ లేరు, కాబట్టి ఎక్కడా లేరు అని. ఒప్పుకోవడం బాధగా ఉన్నా నాకు అదే నిజమనిపిస్తుంది.

రేడియోమనిషి · డిసెంబర్ 13, ఉదయం 6:10

మొదటిబెంచి బాబూ, లెక్క బాగుంది. కానీ "దొరకలేదు" అనే ముందు ఎంత వెతికామో చూడాలి కదా. నేను ముప్ఫై ఏళ్ళ పైన రేడియో ట్రాన్స్‌మిటర్ల దగ్గర పనిచేసి రిటైరయ్యాను. నాకు తెలిసిన వైపు నుంచి చెబుతాను.

నా చిన్నప్పుడు మా తాతగారింట్లో వాల్వు సెట్టు ఉండేది. రేడియో సిలోన్ పట్టుకోవాలంటే గుండ్రటి మీట మీద రెండు వేళ్ళు పెట్టి, ఊపిరి బిగబట్టి తిప్పేవాళ్ళం. ముల్లు వెంట్రుకవాసి ఇటు ఉంటే గుయ్‌మని హోరు, అటు ఉంటే హోరు, మధ్యలో పాట. మీట తెలియక గబగబా తిప్పేవాడికి ఆ స్టేషన్ ఉన్నట్టే తెలియదు. పాట వస్తూనే ఉంటుంది. వాడి చెవిన పడదు, అంతే.

ఆకాశంలో వెతకడం కూడా ఇదే పని. కాకపోతే తిప్పాల్సిన మీటలు చాలా ఉన్నాయి. ఏ దిక్కు? ఏ ఫ్రీక్వెన్సీ? ఏ వేళ? వాళ్ళు ఆ క్షణాన మనవైపు పంపుతున్నారా? ఎంత బలంతో? ఈ మీటలన్నీ ఒకేసారి కుదరాలి. 1959లో కొకోని, మారిసన్ అనే ఇద్దరు భౌతికశాస్త్రవేత్తలు ఒక మీటనైనా బిగించి పెట్టొచ్చన్నారు. హైడ్రోజన్ అంతటా ఉంటుంది, అది తనంత తాను పలికే ఫ్రీక్వెన్సీ 1420 మెగాహెర్ట్జ్, తెలివున్న ఎవరికైనా ఆ అంకె తెలిసే ఉంటుంది, కాబట్టి అక్కడ వినమన్నారు. మరుసటి ఏడాది, 1960 ఏప్రిల్‌లో, ఫ్రాంక్ డ్రేక్ వెస్ట్ వర్జీనియాలోని గ్రీన్ బ్యాంక్‌లో 26 మీటర్ల డిష్‌ను టౌ సెటై, ఎప్సిలాన్ ఎరిడానై అనే రెండు చుక్కల వైపు తిప్పాడు. రెండో చుక్క వైపు తిప్పగానే దడదడమని సంకేతం వచ్చింది. తీరా చూస్తే అది విమానానిదని తేలింది. సుమారు 150 గంటలు విన్నారు. ఏమీ లేదు.

అప్పటి నుంచి ఎంత విన్నాం? 2018లో ఖగోళశాస్త్రవేత్త జేసన్ రైట్, మరో ఇద్దరు కలిసి కొలిచారు. వెతకాల్సిందంతా భూమ్మీది సముద్రాలన్నీ అనుకుంటే, అప్పటిదాకా వెతికింది 7,700 లీటర్లు. ఎండాకాలం మన వీధిలోకి వచ్చే ట్రాక్టర్ ట్యాంకర్ ఒకటిన్నర అనుకోండి. ఒకటిన్నర ట్యాంకర్ నీళ్ళలో చేప లేదని సముద్రంలో చేపలే లేవంటామా?

ఇంకో మాట. మన రేడియో కూతలు ఈపాటికి నూరు కాంతి సంవత్సరాల దాకా వెళ్ళాయని చాలామంది రాస్తుంటారు. మీడియం వేవ్ చాలా మటుకు పైన గాలిలో అయనోస్ఫియర్ అనే పొరకు తగిలి కిందికే వచ్చేస్తుంది, అందుకే రాత్రిపూట దూరపు స్టేషన్లు వినబడేవి. ఎఫ్‌ఎం, టీవీ, రాడార్ బయటికి పోతాయి. కానీ దూరం రెట్టింపైతే బలం నాలుగోవంతుకు పడిపోతుంది. మన దగ్గరున్నలాంటి డిష్‌లే వాళ్ళ దగ్గరా ఉంటే, మన టీవీ కూతను నాలుగైదు కాంతి సంవత్సరాల అవతల కూడా పట్టలేరు. వాళ్ళ కూత మనకూ అంతే. మనవైపు గురిపెట్టి గట్టిగా పంపితే తప్ప వినబడదు.

జీవశాస్త్రంటీచర్ · డిసెంబర్ 13, రాత్రి 8:35

రేడియోమనిషి గారూ, మీరు చెప్పింది చదివి చాలా సంతోషించాను. కానీ అవతల పాడేవాళ్ళు ఉన్నారనే నమ్మకంతో మీరు మీట తిప్పుతున్నారు. పాడేవాళ్ళు తయారవడం ఎంత కష్టమో చెప్పనివ్వండి.

నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో బయాలజీ చెబుతాను. ఏటా తొమ్మిదో తరగతి పిల్లలతో ఒక పని చేయిస్తాను. 45 మీటర్ల 40 సెంటీమీటర్ల కొబ్బరితాడు తీసుకుని బడి ఆవరణలో గేటు నుంచి వంటషెడ్డు దాకా పరుస్తాం. ఒక్కో మీటరు పది కోట్ల ఏళ్ళు. గేటు దగ్గర భూమి పుట్టింది. వంటషెడ్డు దగ్గర ఈ రోజు. జీవం ఎక్కడ మొదలైందో రిబ్బను కట్టమంటే పిల్లలందరూ వంటషెడ్డు వైపు పరిగెత్తుతారు. నేను వాళ్ళను వెనక్కి పిలిచి గేటు నుంచి పది మీటర్ల దగ్గర కట్టిస్తాను. ఇంకా ముందే అనేవాళ్ళూ ఉన్నారు. భూమి కాస్త చల్లబడి నీళ్ళు నిలవగానే జీవం వచ్చేసింది.

అక్కణ్ణుంచి నడవండి. ఒక మీటరు, రెండు, ఐదు, పది. ఏమీ మారదు. అన్నీ బాక్టీరియా, వాటి చుట్టాలు. పదిహేను మీటర్లు దాటాక, అంటే నూటయాభై కోట్ల ఏళ్ళకు పైగా గడిచాక, ఒక కణం ఇంకో కణాన్ని మింగి అరాయించుకోలేక లోపలే ఉంచుకుంది. ఆ లోపల ఉండిపోయినదే కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా. కేంద్రకం ఉన్న కణం అలా వచ్చింది. మా ఊరి చెరువు నీటి చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి పారమీషియం చూపిస్తాను. చెప్పు ఆకారంలో ఉండి, అంచుల వెంట సన్నటి వెంట్రుకలు కొట్టుకుంటూ, అడ్డం వస్తే వెనక్కి తగ్గి దారి మార్చుకుంటుంది. ఆ పారమీషియం, చెరువుగట్టు మీది తుమ్మచెట్టు, పుట్టగొడుగు, దాన్ని చూస్తున్న పిల్ల, నలుగురూ ఆ ఒక్క కణం సంతానమే. అన్ని వందల కోట్ల ఏళ్ళలో, లెక్కలేనన్ని బాక్టీరియాల మధ్య, మనకు తెలిసినంతలో ఆ పొత్తు అలా నిలిచింది ఒక్కసారే.

తర్వాత చకచకా. జంతువులు చివరి ఆరు మీటర్లలో వచ్చాయి. రాక్షసబల్లులు పోయింది చివరి 66 సెంటీమీటర్ల దగ్గర. పదహారు కోట్ల ఏళ్ళు రాజ్యమేలినా అవి రేడియో చేసుకోలేదు, ఆ అవసరమే రాలేదు. మనిషి చివరి మూడు మిల్లీమీటర్లు. రేడియో కనిపెట్టాక గడిచిన కాలం వెంట్రుక మందంలో యాభయ్యో వంతు కూడా ఉంటుందో ఉండదో.

కాబట్టి అక్కడా జీవం ఉండొచ్చు, చాలా చోట్ల ఉండొచ్చు. కానీ చాలా మటుకు అది మా చెరువు నీటికన్నా సాదాగా, బురద మీద పొరలా ఉంటుందని నా అభిప్రాయం. వాళ్ళు పలకరించరు. పలకరించడం వాళ్ళకు రాదు.

శివరంజని77 · డిసెంబర్ 13, రాత్రి 9:15

మరి ఆకాశంలో గుర్తుతెలియని వస్తువులవంటూ అమెరికా నేవీ పైలట్లు తీసిన వీడియోల సంగతేంటండీ? వాళ్ళ ప్రభుత్వమే విడుదల చేసింది. అవి ఉన్నాయి కాబట్టి దొరకలేదు అనడమే తప్పేమో.

మోడరేటర్ · డిసెంబర్ 13, రాత్రి 9:50

శివరంజని77 గారూ, అడగాల్సిన ప్రశ్నే. నాసా దీని మీద బయటి శాస్త్రవేత్తలతో ఒక బృందాన్ని వేసింది. 2023 సెప్టెంబర్‌లో నివేదిక వచ్చింది. వేరే లోకం నుంచి వచ్చాయనడానికి ఆధారం కనబడలేదని, చాలా వీడియోల్లో తేల్చడానికి సరిపడా కొలతలే లేవని రాశారు. గుర్తుపట్టలేని వస్తువు అంటే అంతవరకే. ఆ వీడియోల మీద మన వేదికలో వేరే చర్చ నడుస్తోంది, అక్కడ కొనసాగించండి. ఇక్కడ గోదారిగట్టు గారి ప్రశ్న మీదే ఉందాం.

పసిఫిక్‌తీరం · డిసెంబర్ 14, ఉదయం 11:40

మాకు ఇక్కడ రాత్రి పది. పిల్లలు పడుకున్నారు, తీరిగ్గా రాస్తున్నాను.

2001లో హైదరాబాద్‌లో హాస్టల్ గదిలో ముగ్గురం కలిసి ఒక కంప్యూటర్ కొన్నాం. దాంట్లో సెటీ ఎట్ హోమ్ వేసుకున్నాను. అరెసిబో టెలిస్కోప్ పట్టిన శబ్దాన్ని ముక్కలు చేసి ప్రపంచమంతా ఇళ్ళలోని కంప్యూటర్లకు పంచేవాళ్ళు. మనం కంప్యూటర్ వాడనప్పుడు అది ఆ ముక్కను వెతికేది. స్క్రీన్ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ కడ్డీలు కొండల్లా లేచేవి. డయలప్ ఇంటర్నెట్ కాబట్టి ముక్క దించుకోవడానికి ఒకసారి, పంపడానికి ఒకసారి కనెక్ట్ అయ్యేవాణ్ణి. ఒక్కో ముక్కకు రాత్రంతా, ఒక్కోసారి రెండు రాత్రులు పట్టేది. పెద్ద కడ్డీ లేచినప్పుడల్లా గుండె కొట్టుకునేది. 2020 మార్చిలో పని పంచడం ఆపేశామని వాళ్ళు చెప్పినప్పుడు ఇంట్లో మనిషి ఊరెళ్ళిపోయినట్టు అనిపించింది. అదే ఏడాది డిసెంబర్‌లో అరెసిబో కూలిపోయింది. ఆ వీడియో నేను పూర్తిగా చూడలేకపోయాను.

మొదటిబెంచి తమ్ముడు చెప్పిన హార్ట్ వాదం మీద ఒక మాట. నేనుండే తీరానికి అవతల పసిఫిక్‌లో పిట్‌కెయిర్న్ అనే చిన్న దీవి ఉంది. పాలినేసియన్లు పడవల్లో ఆ సముద్రమంతా తిరిగి పిట్‌కెయిర్న్‌లో కూడా కొన్ని తరాలు కాపురం ఉన్నారు. తర్వాత వదిలేశారు. 18వ శతాబ్దంలో యూరప్ వాళ్ళు వెళ్ళేసరికి అక్కడ మనుషులు లేరు, రాతి పనిముట్లు మాత్రం మిగిలాయి. అప్పుడు ఆ దీవిలో నిలబడి చూసినవాడు "సముద్రంలో ఇంకెవరూ లేరు" అనుకుంటే ఎంత తప్పు! 2019లో కారోల్ నెలెన్‌బ్యాక్, ఆడమ్ ఫ్రాంక్ తదితరులు పాలపుంతకు ఇలాంటి లెక్కే కట్టారు. చుక్కలు కూడా కదులుతుంటాయి, కాపురాలు ఎల్లకాలం నిలవవు. పాలపుంతలో చాలా చోట్ల మనుగడ ఉన్నా, మనలాంటి ఒక మూల లక్షల ఏళ్ళు ఎవరూ రాకుండా ఉండిపోవడం సాధ్యమేనని తేలింది. వాళ్ళు వచ్చి వెళ్ళింది మూడు వందల కోట్ల ఏళ్ళ కిందటైతే, ఆ గుర్తు ఈపాటికి ఏ రాయిలో మిగులుతుంది?

భీమిలి · డిసెంబర్ 14, మధ్యాహ్నం 3:05

అందరూ నేల మీద నిలబడి పైకి చూసేవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. శనిగ్రహం ఉపగ్రహం ఎన్సెలాడస్‌లో మంచు పొర కింద సముద్రం ఉంది, పగుళ్ళలోంచి నీళ్ళు చిమ్ముతుంటే 2005లో కాసిని నౌక చూసింది. గురుడి యూరోపాలోనూ అంతే. జీవం ఉండగల నీళ్ళు ఎక్కువగా ఇలాంటి మూతపెట్టిన సముద్రాల్లోనే ఉన్నాయేమో. అక్కడ ఎంత తెలివైన ప్రాణి ఉన్నా నీళ్ళలో నిప్పు రాజదు. నిప్పు లేకపోతే లోహం కరగదు. లోహం లేక రేడియో రాదు. పైన కిలోమీటర్ల మందం మంచు. చుక్కలున్నాయనే తెలియదు.

నేను పుట్టి పెరిగింది సముద్రం పక్కన. పడవల దగ్గర వలలో చిక్కిన ఆక్టోపస్ బిందె మూతి సందులోంచి జారుకోవడం కళ్ళారా చూశాను. దాని తెలివి మీద నాకు ఏ సందేహమూ లేదు. అయినా అది మనకు ఉత్తరం రాయదు.

హబ్సిగూడ · డిసెంబర్ 14, సాయంత్రం 6:30

టీచర్ గారికి ఒక ప్రశ్న. మన హైదరాబాద్‌లో బెలూన్ పంపి ఆకాశంలో కొత్త బాక్టీరియా పట్టుకున్నారని అప్పట్లో పేపర్లో వచ్చింది. అది వేరే లోకం నుంచి వచ్చిన జీవమేనని మా నాన్నగారు ఇప్పటికీ అంటారు. నిజమేనా?

జీవశాస్త్రంటీచర్ · డిసెంబర్ 14, రాత్రి 8:10

ప్రయోగం నిజం. 2005 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోని నేషనల్ బెలూన్ ఫెసిలిటీ నుంచి ఇస్రో వాళ్ళు పెద్ద బెలూన్ ఎగరేశారు. 20 నుంచి 41 కిలోమీటర్ల ఎత్తులో, ముందే శుద్ధి చేసి ఖాళీ చేసిన గొట్టాల్లోకి గాలిని పట్టి కిందికి తెచ్చారు. మీ హబ్సిగూడలోనే ఉన్న జీవకణ పరిశోధన సంస్థ సీసీఎంబీలోనూ, పుణెలోనూ విడివిడిగా పరీక్షించారు. మూడు కొత్త జాతులు దొరికాయని 2009లో ప్రకటించారు. ఒకదానికి ఖగోళశాస్త్రవేత్త ఫ్రెడ్ హోయల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభట పేరు పెట్టారు. వాటి దగ్గరి చుట్టాలకన్నా అవి అతినీలలోహిత కిరణాలను బాగా తట్టుకున్నాయి. అయితే ఇవి భూమి బయటినుంచి వచ్చాయని దీనితో తేలినట్టు కాదని ఇస్రోనే స్పష్టంగా చెప్పింది. అవి మన బాక్టీరియా కుటుంబాలకే చెందినవి. కింది నుంచి పైకి వెళ్ళి ఉండొచ్చు. అంత ఎత్తులో, అంత చలిలో, ఆ ఎండలో బతికున్నాయనేదే నాకు గొప్పగా అనిపిస్తుంది. మీ నాన్నగారికి ఆ మాట చెప్పండి.

మొదటిబెంచి · డిసెంబర్ 14, రాత్రి 10:45

పసిఫిక్‌తీరం అన్న రాసిన పిట్‌కెయిర్న్ సంగతి నాకు తెలియదు. దాంతో హార్ట్ వాదం నేననుకున్నంత గట్టిది కాదని ఒప్పుకుంటున్నాను. అయినా నా మనసు పూర్తిగా మారలేదు. ఎందుకో చెబుతాను.

1961లో డ్రేక్ గ్రీన్ బ్యాంక్‌లోనే ఒక సూత్రం బోర్డు మీద రాశాడు. ఏటా ఎన్ని చుక్కలు పుడతాయి, ఎన్నిటికి గ్రహాలుంటాయి, ఎన్నిటి మీద జీవం వస్తుంది, ఎన్నిటిలో తెలివి వస్తుంది, అది ఎన్నేళ్ళు నిలుస్తుంది, ఇవన్నీ గుణించాలి. గ్రహాల సంగతి ఇప్పుడు తెలుసు. 1995 నుంచి ఇప్పటిదాకా ఆరువేలకు పైగా దొరికాయి. కానీ జీవం పుట్టే అవకాశం పదిలో ఒకటో, కోటి కోట్లలో ఒకటో ఎవరికీ తెలియదు. చాలామంది ఆ చోట తోచిన ఒక అంకె వేసి గుణిస్తారు. 2018లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన సాండ్‌బర్గ్, డ్రెక్స్లర్, ఆర్డ్ అలా చేయలేదు. తెలియనితనం ఎంత ఉందో అంతా లెక్కలో ఉంచారు. అప్పుడు మనం పాలపుంతలో ఒంటరిగా ఉండటం ఏమాత్రం ఆశ్చర్యపోవాల్సిన విషయం కాదని తేలింది. అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంగారకుడి మీద సొంతంగా పుట్టిన సూక్ష్మజీవి దొరికితే అందరూ పండగ చేసుకుంటారు. నాకు టెన్షన్. జీవం పుట్టడం తేలికైతే, మరి వీళ్ళందరినీ ఆపిన వడపోత ఎక్కడుంది? టీచర్ గారు చెప్పిన కణం దగ్గర ఉంటే మనం దాటేశాం. ముందుంటే? అణుబాంబులు చేసుకున్నాక, వాతావరణం చెడగొట్టుకున్నాక వచ్చేదైతే?

రేడియోమనిషి · డిసెంబర్ 15, ఉదయం 5:50

బాబూ, నీ భయం నాకర్థమైంది. డ్రేక్ సూత్రంలో చివరి అంకె, ఎన్నేళ్ళు నిలుస్తారన్నది, మన చేతిలో ఉంది. మిగతావేవీ మన చేతిలో లేవు.

దొరికాయనుకున్నవి ఏమయ్యాయో కూడా రాయాలి. 1977 ఆగస్టు 15న ఒహాయోలో బిగ్ ఇయర్ టెలిస్కోప్ 72 సెకన్ల పాటు గట్టి సంకేతం పట్టింది. కాగితం మీద జెర్రీ ఎమాన్ ఎర్ర సిరాతో చుట్టి పక్కన "వావ్" అని రాశాడు. ఆ టెలిస్కోప్ ముందు నుంచి భూమి తిరుగుడుతో ఒక చుక్క దాటిపోవడానికి పట్టేది సరిగ్గా అంత సమయమే. మళ్ళీ ఎన్నిసార్లు విన్నా రాలేదు. 2019లో ఆస్ట్రేలియాలోని పార్క్స్ డిష్ ప్రాక్సిమా వైపు ఉండగా 982 మెగాహెర్ట్జ్ దగ్గర ఒక సన్నటి గీత కనబడింది. బాగా తవ్వి, అది మన పరికరాల గడియారాల నుంచి పుట్టిన కూతేనని 2021లో తేల్చారు. అదే పార్క్స్‌లో ఏళ్ళ తరబడి వేధించిన ఇంకో సంకేతం ఎక్కడిదో తెలుసా? మైక్రోవేవ్ ఓవెన్ ఆగకముందే తలుపు తీసినప్పుడు వచ్చింది. 2015లో కనుక్కున్నారు. దొరికిందని చెప్పుకోవాలనే ఆశ ఎంత ఉన్నా, ముందు తమ తప్పే వెతికారు. ఆ మనుషులంటే నాకు గౌరవం.

ఇప్పుడు వెతికే పద్ధతీ మారుతోంది. నాసా గొడార్డ్ పరిశోధన కేంద్రంలో పనిచేసే రవి కొప్పరపు, ఆయన సహచరులు 2021లో ఒక దారి చూపారు. దూరపు గ్రహం గాలిలో నైట్రోజన్ డయాక్సైడ్ మోతాదుకు మించి ఉంటే అది ఫ్యాక్టరీల పొగ కావచ్చన్నారు. అంటే వాళ్ళు మనల్ని పిలవక్కర్లేదు. వాళ్ళ పొయ్యి పొగ కనబడితే చాలు.

గోదారిగట్టు · డిసెంబర్ 16, రాత్రి 9:30

మీ అందరి పోస్టులూ పాపకు రెండు రోజులు కూర్చోబెట్టి చదివి వినిపించాను. తాడు సంగతి వినగానే లేచి, వాళ్ళ తాతయ్య పశువులకు కట్టే పలుపు తెచ్చి వాకిట్లో పరిచింది. అది నాలుగున్నర మీటర్లే ఉంది, ఒక మీటరుకు వంద కోట్లు అని తనే మార్చుకుంది. పిట్‌కెయిర్న్ గురించి అట్లాసులో వెతికింది. మొదటిబెంచి తమ్ముడు నిద్రపోలేదన్నది విని "పాపం" అంది.

వాయేజర్ మీద బంగారు రికార్డులో 55 భాషల్లో పలకరింపులున్నాయని, అందులో మన తెలుగు కూడా ఉందని మా తమ్ముడు చెప్పాడు. తెలుగు మాట్లాడే జనం తరఫున శుభాకాంక్షలు అని. అది విన్న దగ్గర్నుంచి ఒకటే ప్రశ్న. డ్రేక్ గారు మొదట విన్న ఆ రెండు చుక్కలు మన డాబా మీంచి కనబడతాయా అని.

రేడియోమనిషి · డిసెంబర్ 16, రాత్రి 9:55

కనబడతాయి, రెండూ మామూలు కంటికే. ఇది మంచి సీజన్. రాత్రి ఎనిమిదిన్నర తొమ్మిది మధ్య వీధి లైటు కంట్లో పడకుండా దక్షిణం వైపు తిరిగి నిలబడండి. తూర్పున వేటగాడి నడుము మీద వరసగా మూడు చుక్కలు కనబడతాయి. ఆ వేటగాడి పాదం దగ్గర తెల్లగా మెరిసేది రైజెల్. దాని నుంచి కుడివైపు పైకి, చెయ్యి చాచి కొలిస్తే జానకు కాస్త ఎక్కువ దూరంలో మసకగా కనబడేది ఎప్సిలాన్ ఎరిడానై. ఇంకా కుడికి జరిగితే, నడినెత్తికీ దక్షిణపు అంచుకూ మధ్య సగానికి పైన, టౌ సెటై. చుట్టుపక్కల పెద్ద చుక్కలు లేవు. ఒక పావుగంట కళ్ళు చీకటికి అలవాటు పడనివ్వండి. ఫోన్‌లో నక్షత్రాల యాప్ ఉంటే సరిచూసుకోండి.

టౌ సెటై దూరం దాదాపు 12 కాంతి సంవత్సరాలు. మన సూర్యుడి లాంటి చుక్కే, కాస్త చిన్నది.

గోదారిగట్టు · డిసెంబర్ 17, రాత్రి 10:15

చూశాం. ఎప్సిలాన్ ఎరిడానై ఏదో కచ్చితంగా చెప్పలేను. టౌ సెటై మాత్రం దొరికింది. పిట్టగోడ మీద మోచేతులు ఆనించి పాప చాలాసేపు చూసింది. తనకు మొన్న కార్తీకంలో పన్నెండు నిండాయి. ఈ వెలుతురు అక్కడ బయల్దేరినప్పుడు నువ్వు పుట్టావమ్మా అని చెప్పాను. కాసేపు ఆగి, "అయితే అక్కడినుంచి ఎవరైనా ఇప్పుడు చూస్తే నేను ఉయ్యాల్లో కనిపిస్తానా?" అంది. అంత దూరం చూడగలిగే కళ్ళుంటే కనిపిస్తావన్నాను. చెయ్యి ఊపింది.

మొదటిబెంచి · డిసెంబర్ 17, రాత్రి 10:40

నేనూ హాస్టల్ పైకెక్కాను అన్నా. మాకు ఇక్కడ మబ్బు పట్టింది. రేపు మళ్ళీ చూస్తాను.